పాదరక్షలు లేని పాఠశాల

2015వ సంవత్సరం ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి ఈక్వటోరియల్ గినీ దేశంలోని బాటా నగరంలో ఆఫ్రికా ఖండపు ఫుట్‌బాల్ కప్పుకు అంతిమ పోటీ జరిగినది. ఒకవైపు ఘానా, రెండవవైపు ఐవరీ కోస్ట్. నూట ఇరవై నిమిషాలు ఆడినా ఎవరికీ ఒక్క గోలు కూడా రాలేదు. పెనాల్టీలతో జయాపజయాలు తేల్చవలసి వచ్చినది. ఐవరీ కోస్ట్ ఆటగాళ్ళు మొదటి రెండు అవకాశాలనూ జారవిడుచుకున్నారు. తరువాత ఘానావారు కూడా రెండు పోగొట్టుకున్నారు. జట్టులోని పదిమంది వంతూ ముగిసి, చివరకు మిగిలినవారు ఇద్దరు గోల్‌కీపర్లు. ఘానా గోల్‌కీపరు తన్నిన బంతిని ఐవరీ కోస్ట్ గోల్‌కీపరు బూబకర్ బారీ ఆపినాడు. ఆపినవాడే లేచి వచ్చి, తన వంతు బంతిని గోలులోకి కొట్టినాడు. తొమ్మిదికి ఎనిమిది లెక్కతో ఐవరీ కోస్ట్ విజయం పొందినది.

ఆనాడు ఆ జట్టుకు శిక్షకుడు ఎర్వె రెనార్ అనే ఫ్రెంచి దేశీయుడు. పత్రికలు సహజంగానే ఆయనను కీర్తించినవి. కాని ఆ జట్టులోని ప్రముఖులను చూడండి. గోల్‌కీపరు బారీ, నాయకుడు యాయా తూరె, అతని అన్న కోలో తూరె, సియాకా తియెనే, జెర్విన్యో - వీరందరూ చిన్నతనంలో ఒకే పాఠశాలలో ఆట నేర్చుకున్నవారు. ఆ పాఠశాలను నెలకొల్పినవాడు మరొక ఫ్రెంచి దేశీయుడు. ఆయన ఆ రాత్రి ఏ జట్టుకూ శిక్షకుడు కాడు. ఆయన పేరు ఝాఁ-మార్క్ గియూ.

శిక్షకుల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా కప్పులను లెక్కిస్తారు. ఆ లెక్కన చూస్తే గియూకు దక్కే స్థానం బహు స్వల్పం. ఆయన చరిత్రను మరొక కొలబద్దతో కొలవవలసి ఉన్నది. బడిపంతులును మనం దేనితో కొలుస్తాము? ఆయన పొందిన బిరుదులతో కాదు, ఆయన వద్ద చదువుకున్న పిల్లలతో. గియూ ఘనతా, ఆయనపై వచ్చిన నిందా, రెండూ ఆ పిల్లల దగ్గరనే ఉన్నవి.

గియూ 1945 డిసెంబరులో ఫ్రాన్సు దేశపు పశ్చిమభాగాన, నాంత్ నగరానికి సమీపంలోని బువే అనే ఊరిలో జన్మించినారు. 1966లో ఆంజె నగరపు జట్టులో చేరి, దాదాపు తొమ్మిది సంవత్సరాలు అక్కడ ఆడినారు. మైదానపు మధ్యభాగంలో నిలిచి, ముందున్న వారికి బంతిని అందించడం ఆయన పని. బలంకంటె చూపూ, వేగంకంటె తెలివీ అవసరమైన స్థానమది. 1975లో నీస్ నగరానికి మారినారు. 1974 నుండి 1978 వరకు ఫ్రాన్సు జాతీయ జట్టులో 19 పర్యాయాలు ఆడినారు. 1978లో అర్జెంటీనాలో జరిగిన ప్రపంచకప్పు పోటీలలో ఇటలీతో జరిగిన తొలి ఆటలో, అప్పటికి యువకుడైన మిషెల్ ప్లాతినీ ప్రక్కన ఆయన నిలిచినారు. ఆట ఆరంభమైన మొదటి నిమిషంలోనే ఫ్రాన్సు గోలు చేసినది, కాని చివరకు ఇటలీయే రెండు గోళ్ళతో గెలిచినది. ఆటగాడుగా గియూ అందుకున్న ఉన్నతశిఖరం అదే.

తరువాత ఆయన స్విట్జర్లాండులోని న్యూషాటెల్ జట్టులో ఆడినారు. 1981లో ఫ్రాన్సుకు తిరిగివచ్చి, ముల్హౌస్ జట్టుకు ఆటగాడుగానూ శిక్షకుడుగానూ రెండు బాధ్యతలు వహించినారు. 1983లో మధ్యధరా తీరాన ఉన్న కాన్ నగరపు జట్టుకు మారినప్పుడు, ఒక సహాయకుడు కావలసివచ్చి, స్ట్రాస్‌బూర్గులో కుర్రవాళ్ళకు శిక్షణ ఇస్తున్న ఒక యువకుని పిలిపించుకున్నారు. ఆ యువకుడు ఆర్సెన్ వెంగర్. తరువాతి కాలంలో లండనులోని ఆర్సెనల్ జట్టును ఇరవై రెండు సంవత్సరాలు నడిపి ప్రపంచఖ్యాతి గడించిన వెంగర్ ఆయనే. కాన్‌లో ఏర్పడిన ఈ స్నేహం మన కథలో మళ్ళీ ఒకచోట, అంత సుఖప్రదం కాని సందర్భంలో, ఎదురవుతుంది.

జట్టు శిక్షకుని జీవితం వారానికొక పరీక్ష. గత ఆదివారం ఓడిపోతే వచ్చే ఆదివారం గెలవాలి. ఆ తొందరలో, ఇరవై ఐదేండ్లవానికి బంతిని సవ్యంగా ఆపడం చేతకాకపోతే, దానిని నేర్పే వ్యవధి ఎవరికీ ఉండదు. అతనికి బదులు మరొకని కొనడం సులభం. ఆటగాడు తయారయ్యేది అంతకు పది పన్నెండేండ్ల ముందు. ఆ వయస్సు పిల్లలకు నేర్పవలసిన పని గొప్ప శిక్షకులు సాధారణంగా చేపట్టేది కాదు. గియూ అదే పనిని ఎన్నుకున్నారు. అందుకు ఆయన ఎన్నుకున్న స్థలం ఫ్రాన్సు కాదు, పశ్చిమాఫ్రికాలోని అబిజాన్ మహానగరం.

ఐవరీ కోస్ట్ 1960 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండినది. అబిజాన్‌లో వర్తక సంస్థల ఉద్యోగులు 1948లో స్థాపించుకున్న ఆసెక్ మిమోసా అనే క్లబ్బు ఆ దేశంలో అగ్రగణ్యమైనది. రోజె వెన్యాఁ దానికి అధ్యక్షుడు. ఎబ్రియే అనే ఉప్పుకయ్య ఒడ్డున సోల్ బెని అనే క్రీడాస్థలం ఆ క్లబ్బుకు ఉన్నది. 1990 తరువాతి తొలి సంవత్సరాలలో గియూ, వెన్యాఁ కలిసి అక్కడ ఒక అకాడెమీ ఆరంభించినారు. నగరపు పేటలలో, వీధులలో బంతి ఆడుకునే పన్నెండు, పదమూడేండ్ల పిల్లలను పరీక్షించి, కొద్దిమందిని మాత్రమే తీసుకున్నారు. వారికి అక్కడే వసతి, భోజనం, అక్కడే చదువు, అక్కడే ఆట. ఒక తరగతి పిల్లలు కొన్ని సంవత్సరాలపాటు విడిపోకుండా కలిసి పెరిగే ఏర్పాటు అది.

ఈ పాఠశాలలో చూడవచ్చిన వారిని ఆశ్చర్యపరచినది ఒకటున్నది. ఇక్కడి పిల్లలు తొలి సంవత్సరాలలో బూట్లు తొడుగుకోరు. వట్టి కాళ్ళతో, మంచి పచ్చికమీద ఆడుతారు. బూట్లు కొనిపెట్టే స్తోమత లేక కాదు, ఇది గియూ ఏరికోరి పెట్టిన నియమం. వట్టి పాదానికి బంతి స్పర్శ తెలుస్తుంది. మడమ, అరికాలు, వ్రేళ్ళు, పాదపు లోపలి అంచు, వెలుపలి అంచు - ఏది తగిలితే బంతి ఎటు పోతుందో చర్మమే చెబుతుంది. గట్టిగా, మొరటుగా తన్నితే నొప్పి పెడుతుంది గనుక పిల్లవాడు మెత్తగా, నేర్పుగా తాకడం అలవరచుకుంటాడు. బంతిని నేల తాకనీయక పాదంతో, తొడతో, తలతో ఎగురవేస్తూ ఉండే అభ్యాసానికి అంచెలంచెలుగా పరీక్షలుండేవి. శరీర దార్ఢ్యం, ఎత్తు, పరుగు - వీటికి ప్రాముఖ్యం తరువాత. ఎంపిక చేసేటప్పుడు కూడా వయస్సుకు మించి ఎదిగిన పిల్లవానికంటె, చిన్నవాడైనా బంతితో మాట్లాడగలవానినే ఆయన చూసేవారు. పెద్దవాడు తోసి గెలుస్తాడు, చిన్నవాడు ఆలోచించి గెలవాలి. పదేండ్ల తరువాత తోపు అందరికీ సమానమవుతుంది, ఆలోచన ఉన్నవాడే నిలుస్తాడు. ఇదీ ఆయన పద్ధతిలోని సూత్రం.

వట్టి కాళ్ళ ఆట భారతీయులకు క్రొత్త కాదు. 1948 లండన్ ఒలింపిక్ క్రీడలలో మన జట్టు ఇదే ఫ్రాన్సుతో తలపడి ఒకటికి రెండు గోళ్ళ తేడాతో ఓడినప్పుడు, మనవారిలో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడినారు. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో పది గోళ్ళు తిన్న తరువాత గాని బూట్లు మనకు విధి కాలేదు. ఆనాడు జట్టును తీర్చిదిద్దుతున్న హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. ఆటగాళ్ళు తమ అలవాటు లేని కాలితోనే ఆడవలసిన పోటీలను ఆయన నడిపించేవారని ప్రసిద్ధి. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడలలో స్వర్ణపతకం, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానం ఆయన శిక్షణకు ఫలాలు. వట్టి కాలు మనకు అలవాటు, గియూకు అది పాఠం. అయినా రహీంకూ గియూకూ ఒక పోలిక స్పష్టం. ఇద్దరూ ఆటను ఆదివారపు పందెంగా కాక, నేర్పవలసిన విద్యగా చూసినవారే. పిల్లవానికి సులభమైనదానిని తీసివేసి, కష్టమైనదానితోనే ఆడించడం ఇద్దరి మార్గం.

విద్యకు ఫలం కనిపించడానికి ఆరేండ్లు పట్టినది. 1998లో ఆసెక్ క్లబ్బు ఆఫ్రికా విజేతల కప్పును గెలుచుకున్నది. మరుసటి సంవత్సరం, ఆ గెలుపు వలన లభించిన సూపర్ కప్పు ఆటలో ట్యునీషియాకు చెందిన ఎస్పెరాన్స్ జట్టును ఎదుర్కొనవలసి వచ్చినది. ఎస్పెరాన్స్ అనుభవజ్ఞులతో నిండిన జట్టు. ఆసెక్ మాత్రం పేరుపొందిన పెద్దల స్థానంలో అకాడెమీ కుర్రవాళ్ళను నిలబెట్టినది. ఇంకా ఇరవై నిండని పిల్లలు! అదనపు సమయం వరకు సాగిన ఆ ఆటలో కుర్రవాళ్ళు మూడు గోళ్ళు చేసి, ఒక్కటి మాత్రం ఇచ్చినారు. కోలో తూరె, దిదియె జొకొరా, అరునా దిందాన్ మొదలైన పేర్లు ఆఫ్రికా సరిహద్దులు దాటి వినబడసాగినవి.

ఏ విద్యాలయానికైనా విజయకాలమే పరీక్షాకాలం. పిల్లలు పెద్దవారైనారు, వారికి విలువ వచ్చినది, ఆ విలువ డబ్బుగా మారగలిగినది. అకాడెమీపైనా, అందులో పెరిగినవారి భవిష్యత్తుపైనా ఎవరికి ఎంత అధికారం ఉన్నదన్న ప్రశ్న గియూకూ క్లబ్బుకూ నడుమ గోడయై నిలిచినది. చివరకు దారులు వేరైనవి. 2001లో గియూ బెల్జియంలోని బెవెరెన్ అనే చిన్న పట్టణపు జట్టు వ్యవహారాలను చేతికి తీసుకున్నారు. బెవెరెన్ 1979లోనూ 1984లోనూ బెల్జియం విజేతగా నిలిచిన జట్టు, కాని అప్పటికి ఆర్థికంగా చితికిపోయి ఉన్నది. యూరపు ఖండానికి వెలుపలి ఆటగాళ్ళ సంఖ్యపై బెల్జియంలో పరిమితి లేదు. అబిజాన్ పిల్లలకు యూరపులో తలుపు తెరచుకున్నది అక్కడనే.

యాయా తూరె, ఎమాన్యుయెల్ ఎబూయే, ఆర్తర్ బోకా, రొమారిక్, జిల్ యాపి యాపో, గోల్‌కీపరు బారీ, తరువాత జెర్విన్యో - వీరందరూ ఆ చిన్న ఊరికి వచ్చినారు. కొన్ని ఆటలలో బెవెరెన్ జట్టు దాదాపు పూర్తిగా ఐవరీ కోస్ట్ వారితోనే నిండి ఉండేది. చిన్ననాటి నుండి కలిసి పెరిగిన వారి ఆటలోని పొందిక చూడముచ్చటగా ఉండేది. 2004లో వారు బెల్జియం కప్పు అంతిమ పోటీ వరకు వచ్చి, బ్రూజ్ నగరపు జట్టు చేతిలో నాలుగుకు రెండు గోళ్ళతో ఓడిపోయినారు.

ఇదంతా నిందకు అతీతంగా జరగలేదు. మా ఊరి జట్టులో మా ఊరివాడు ఒక్కడైనా లేడే అని కొందరు స్థానికులు వాపోయినారు. ఇది క్రీడాసంఘమా, ఆటగాళ్ళను నిలువచేసి అమ్మే గిడ్డంగియా అని మరికొందరు ప్రశ్నించినారు. వెంగర్ నడుపుతున్న ఆర్సెనల్ క్లబ్బు సుమారు పది లక్షల పౌన్లు బెవెరెన్ వ్యవహారానికి అప్పుగా ఇచ్చిన సంగతి 2006లో వెలుగులోకి వచ్చినది. కాన్ నాటి స్నేహం ఇక్కడ మరల కనిపించినది. ఒక క్లబ్బు మరొక క్లబ్బును చాటుగా నడుపుతున్నదా అని విచారణ జరిగినది. అది సహాయార్థం ఇచ్చిన అప్పు మాత్రమేనని ఆర్సెనల్ సమాధానం చెప్పినది. అంతర్జాతీయ సంఘమైన ఫీఫా అందులో ఆర్సెనల్ తప్పు లేదని తేల్చినది. ఆ సంవత్సరమే గియూ బెవెరెన్ నుండి తప్పుకున్నారు. మరుసటి సంవత్సరం, 2007లో, ఆ జట్టు ప్రథమశ్రేణి నుండి దిగజారినది. ఊతకర్రతో నడిచినవాడు దానిని తీసివేయగానే పడిపోయినట్లయినది.

న్యాయదృష్టితో ఆలోచిస్తే, ఇక్కడ ఒక గడ్డు ప్రశ్న ఉన్నది. పేదపిల్లవానికి ఆరేడేండ్లు అన్నం పెట్టి, చదువు చెప్పి, విద్య నేర్పినవానికి ఆ పిల్లవాని సంపాదనలో భాగం ఉన్నదా? ఉన్నదంటే, పిల్లవాడు సరుకు అవుతాడు. లేదంటే, రేపటి పిల్లలకు అన్నం పెట్టే డబ్బు ఎక్కడిది? ఫీఫా 2001లో చేసిన నిబంధనలు ఈ ప్రశ్నకు మధ్యేమార్గం వెదకినవి. పద్దెనిమిదేండ్లు నిండని పిల్లలను ఒక దేశం నుండి మరొక దేశానికి మార్చడాన్ని, కొన్ని మినహాయింపులతో, నిషేధించినవి. ఒక ఆటగాడు దేశం మారినప్పుడల్లా చెల్లించే మొత్తంలో నూటికి ఐదు వంతులు, పన్నెండవ ఏట నుండి ఇరవై మూడవ ఏట వరకు అతనికి నేర్పిన క్లబ్బులకు చెందాలని విధించినవి. గురుదక్షిణకు చట్టం నిర్ణయించిన కొలత ఇది. కొలత సరిపోయినదా లేదా అన్న వాదం వేరు. కొలత అవసరమని తెలిసివచ్చుటకు అబిజాన్ వంటి పాఠశాలల అనుభవం కూడా ఒక కారణమనవచ్చు.

ఇక శిష్యుల సంగతి చూతము. కోలో తూరె 2002లో అబిజాన్ నుండి నేరుగా ఆర్సెనల్ చేరినాడు. 2003-04 సంవత్సరంలో ఒక్క ఆట కూడా ఓడకుండా ఇంగ్లండు విజేతగా నిలిచిన ప్రఖ్యాత జట్టుకు అతడు వెన్నెముక. అతని తమ్ముడు యాయా బెవెరెన్ నుండి ఉక్రెయిను, గ్రీసు, మొనాకోల మీదుగా 2007లో బార్సిలోనా చేరినాడు. 2009లో ఆ జట్టు యూరపు విజేత అయిన అంతిమ పోటీలో తనకు అలవాటు లేని రక్షకస్థానంలో నిలిచి ఆడినాడు. 2012లో అన్నదమ్ములిద్దరూ మాంచెస్టర్ సిటీ జట్టులో కలిసి ఇంగ్లండు విజేతలైనారు. 2011 నుండి 2014 వరకు వరుసగా నాలుగు సంవత్సరాలు యాయా ఆఫ్రికా ఖండపు ఉత్తమ ఆటగాడుగా ఎంపికైనాడు. 2006లో ఐవరీ కోస్ట్ మొట్టమొదటిసారి ప్రపంచకప్పు పోటీలకు వెళ్ళినప్పుడు ఆ జట్టులో గియూ శిష్యుల సంఖ్య ఎక్కువ. సెర్బియా-మాంటెనెగ్రోతో రెండు గోళ్ళు వెనుకబడి మూడు గోళ్ళతో గెలిచిన ఆటలో రెండు గోళ్ళు అరునా దిందాన్‌వి.

గియూ అక్కడితో ఆగలేదు. ఆయన పేరు మీదనే పాఠశాలలు మడగాస్కరులో, మాలీలో, అల్జీరియాలో, థాయిలాండులో, వియత్నాంలో వెలసినవి. అన్నిచోట్లా అదే వట్టి పాదం, అదే బంతి, అదే ఓర్పు. అల్జీర్సులోని పారదూ క్లబ్బు పాఠశాలలో పెరిగిన రామీ బెన్సెబైనీ, యూసెఫ్ అతాల్ 2019లో ఆఫ్రికా కప్పు గెలిచిన అల్జీరియా జట్టులో ఉన్నారు. మాలీ రాజధాని బమాకో పాఠశాల నుండి అమదూ హైదరా వంటివారు యూరపు జట్లకు చేరినారు. వియత్నాంలో ప్లేకూ పట్టణంలో 2007లో ఆరంభమైన పాఠశాల పిల్లలు న్గుయెన్ కాంగ్ ఫుఆంగ్, లుఆంగ్ జువాన్ త్రుఆంగ్. వీరు 2018 జనవరిలో ఇరవై మూడేండ్ల లోపువారి ఆసియా పోటీలలో తమ దేశాన్ని అంతిమ పోటీ వరకు చేర్చినారు. మంచు కురుస్తున్న చైనా మైదానంలో ఉజ్బెకిస్తాన్ చేతిలో ఒకటికి రెండు గోళ్ళతో, అదనపు సమయపు చివరి క్షణాలలో ఓడిపోయినప్పటికీ, తిరిగివచ్చిన ఆ జట్టుకు హనోయి వీధులలో జనసముద్రం స్వాగతం పలికినది.

పేర్లు గుర్తున్నవారిని చెప్పుకున్నాము. ఎంపిక కానివారు అంతకు ఎన్నో రెట్లు ఉన్నారు. ఎంపికై కూడా ఏ పెద్ద జట్టుకూ చేరలేనివారున్నారు. ఏ ఆటల పాఠశాలకైనా అసలు పరీక్ష వీరి విషయంలోనే. బంతితోపాటు పుస్తకం కూడా చేతికిచ్చిన పాఠశాల, ఆట కుదరని పిల్లవానిని ఒట్టి చేతులతో వీధికి పంపదు. పుస్తకాన్ని మరచిన పాఠశాల, ఎంతమంది యాయా తూరెలను తయారు చేసినా, తక్కినవారికి ఋణపడే ఉంటుంది. అబిజాన్‌లో చదువును కూడా దినచర్యలో చేర్చడం గియూ పద్ధతిలో మనం మెచ్చుకొనవలసిన అంశం. అతని అడుగుజాడలలో ఆఫ్రికా నగరాలలో అకాడెమీలనే పేరుతో పుట్టుకువచ్చిన సంస్థలన్నీ ఆ నియమాన్ని పాటించినవని మాత్రం చెప్పలేము.

ఝాఁ-మార్క్ గియూ జీవితాన్ని ఒక్క తక్కెడలో తూచడం కష్టం. నేర్పడంలో ఆయన అసాధారణుడు. నేర్పినదానిని ఎవరు అనుభవించాలన్న విషయంలో ఆయన మార్గం వివాదాలకు లోనైనది. రెండూ నిజమే. అయినా మనం మొదట చెప్పుకున్న ఆ రాత్రిని మరల తలచుకుందాము. బూబకర్ బారీ ఆ పోటీలలో మొదటి నుండి ఆడినవాడు కాడు. తక్కిన గోల్‌కీపరుకు గాయమైనందున అంతిమ పోటీలో నిలబడవలసి వచ్చినవాడు. తన వయస్సు ముప్పది అయిదు. గోల్‌కీపర్లు చేతులతో ఆడేవారు, బంతిని కాలితో గోలులోకి పంపవలసిన అగత్యం వారికి సాధారణంగా రాదు. వచ్చిన ఆ ఒక్కసారి, దేశమంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా, బారీ కాలు తడబడలేదు. ఇరవై ఏండ్ల క్రిందట ఉప్పుకయ్య ఒడ్డున పచ్చికమీద నేర్చుకున్న విద్యను పాదం మరచిపోలేదు.